సమ్మెట పిడికిలి

బిగించిన పిడికిలికి ఐదు భాగాలున్నాయని చైనా ముష్టివిద్యను బోధించే ఆధునిక పాఠ్యగ్రంథాలు లెక్కిస్తాయి. వేళ్ల మొదటి ఎముకలు వరసగా నిలిచే ముందుభాగం పిడికిలి ముఖం, చేతి వెనుకవైపు పిడికిలి వీపు, మడిచిన వేళ్లు అరచేతికి ఆనుకునే లోపలివైపు పిడికిలి గుండె, బొటనవేలూ చూపుడువేలూ కలిసేచోట ఏర్పడే గుండ్రటి సందు పిడికిలి కన్ను. ఇక చిటికెనవేలు చుట్టుకుని ఉండే బయటి అంచును చువాన్ లున్, అంటే పిడికిలి చక్రం, అని పిలుస్తారు. చేతిని పైనుంచి కిందికో, పక్కనుంచి అడ్డంగానో, వెనక్కి విసురుగానో తిప్పి ఈ చక్రంతో వేసే దెబ్బే సమ్మెట పిడికిలి. తెలుగులో పిడిగుద్దు అన్న మాట వీపుమీద పడే ఇలాంటి దెబ్బకూ ముఖంమీద పడే సూటి గుద్దుకూ ఒకేలా చెల్లుతుంది కానీ, చైనా గురువులు ఈ రెంటినీ వేరువేరు కదలికలుగా చూశారు, వేరువేరు పనులకు వాడారు.

ఈ దెబ్బలోని బలానికి మూలం చేతి నిర్మాణమే. సూటిగా గుద్దినప్పుడు ఎదుటివాడికి తగిలేది పలుచటి చర్మం కప్పుకున్న ఎముక. ఆ గుద్దు కాస్త పక్కకు జారి నుదురువంటి గట్టిచోట తగిలితే చిటికెనవేలి వెనుక అరచేతిలో ఉండే సన్నటి ఎముక విరుగుతుంది, వైద్యులు ఆ విరుపును నేటికీ బాక్సర్ ఫ్రాక్చర్ అనే పిలుస్తారు. చిటికెనవేలి మొదలునుంచి మణికట్టు వరకు సాగే అంచున మాత్రం దళసరి కండ ఒకటి ఉంటుంది, చిటికెనవేలిని గట్టిగా ముడిచినకొద్దీ అది బిగుసుకుని దెబ్బ తాకిడిని తనలోకి తీసుకుంటుంది. చేయి పైనుంచి దిగేటప్పుడు భుజానికి తోడు వీపు కండరాలూ, మోకాళ్లు వంచి శరీరాన్ని కిందికి దించితే ఒంటి బరువూ అందులో కలుస్తాయి. అయితే ఇంత సదుపాయానికి మూల్యమూ ఉంది: చేయి తిరిగే దారి పొడవైనది కాబట్టి దెబ్బ వచ్చేది ఎదుటివాడికి ముందే తెలిసిపోతుంది, పైకెత్తిన చేతి కింద పక్కటెముకలకు కాపు ఉండదు. అందువల్ల తొలిదెబ్బగా కన్నా, ఒక చేత్తో ఎదుటివాడి చేతిని లాగి పట్టుకున్నాక, లేదా అతను ముందుకు వంగి తల దించాక, రెండో దెబ్బగానే దీన్ని చాలా సంప్రదాయాలు నేర్పాయి.

ఇంత సహజమైన కదలికకు ఒక మూలపురుషుణ్ణి వెతకడం వృథా; కోపం వచ్చిన పసివాడు బల్లమీద బాదేదీ ఈ అంచుతోనే. అయినా దీనికి చరిత్ర లేదనడం పొరపాటు, ఎందుకంటే ఏ దెబ్బను ఒక సమాజం విద్యగా మలచుకుంది, దానికి ఏ పేరు పెట్టింది, ఏ పనిముట్టుతో దాన్ని పోల్చుకుంది అన్నవి కాలాన్నిబట్టి మారాయి. చైనా ఆధారాలను వరసగా చూస్తే తేలే విషయం ఏమిటంటే, సమ్మెట పిడికిలి అక్కడ చాలాకాలం ప్రత్యేకమైన దెబ్బగా లెక్కకు రాలేదు. కత్తి, కర్ర, గొడ్డలి, రోకలి పట్టిన చేయి ఆ వస్తువు లేనప్పుడు కూడా వదులుకోని కదలికగానే అది మిగిలివచ్చింది. విడిగా పేరు, నిర్వచనం, బొమ్మ సంపాదించుకున్నది 20వ శతాబ్దిలో మాత్రమే.

చైనా భాషలో చుయ్ అనే ఉచ్చారణ గల అక్షరాలు పలు ఉన్నాయి. వాటిలో ఒకటి లోహపు సుత్తిని, మరొకటి చేత్తో బాదడాన్ని సూచిస్తుంది, ముష్టివిద్యలో పిడికిలి దెబ్బకు ఈ రెండో అక్షరమే ఎక్కువగా వాడుకలో ఉంది. కానీ ఈ విద్యలో చుయ్ అని పేరున్న ప్రతిదీ సమ్మెట పిడికిలి కాదు, సూటి గుద్దులకూ కింది గుద్దులకూ అదే పేరు చెల్లుతుంది. ఈ తేడాను గమనించకపోవడంవల్లే పాశ్చాత్య పుస్తకాలు కొన్ని చైనా విద్య నిండా సమ్మెట దెబ్బలే ఉన్నట్టు రాశాయి.

ఆయుధంగా సుత్తి మాత్రం చైనా చరిత్రలో చాలా పాతది. క్రీస్తుపూర్వం 257లో వేయ్ రాజ్యపు రాకుమారుడు షిన్‌లింగ్, ముట్టడిలో ఉన్న జావ్ రాజ్యాన్ని ఆదుకోవడానికి సేనాపతి జిన్ బీ చేతిలోని సైన్యాన్ని స్వాధీనం చేసుకోవాలనుకున్నప్పుడు, అంగడివీధిలో మాంసం కొట్టుకుని బతికే జూ హై అనేవాడు 40 జిన్‌ల ఇనుప సుత్తిని అంగీ చేతిలో దాచుకువెళ్లి ఆ సేనాపతిని చంపాడని సిమా చియెన్ తన చరిత్రగ్రంథం షిజీలో రాశాడు. జిన్ అనే తూకం ఆ కాలంలో పావుకిలోకు దగ్గరగా ఉండేది కాబట్టి ఆ సుత్తి సుమారు 10 కిలోలు అనుకోవాలి. క్రీస్తుపూర్వం 218లో బోలాంగ్‌షా అనేచోట చిన్ షి హువాంగ్ చక్రవర్తిని చంపించడానికి జాంగ్ లియాంగ్ కుదుర్చుకున్న బలశాలి విసిరిన సుత్తి బరువు 120 జిన్‌లని అదే గ్రంథం చెబుతుంది; దెబ్బ గురితప్పి చక్రవర్తి పరివారంలోని మరో బండికి తగిలింది. ఈ అంకెలు ఎంతవరకు నిజమన్నది పక్కన పెట్టినా, రెండు కథల్లోనూ సుత్తి పట్టినవాడు రాజవంశీకుడో శిక్షణ పొందిన సైనికుడో కాక ఒట్టి బలంతో పేరుపడ్డ మనిషి కావడం గమనించదగ్గది.

సోంగ్ వంశపు కాలానికి ఈ ఆయుధం సైన్యంలో స్థిరపడింది. 1044లో పూర్తయిన వూజింగ్ జోంగ్యావ్ అనే సైనిక విజ్ఞానగ్రంథంలో గుదువో అనే పొడవాటి పిడిగల గదలు బొమ్మలతో సహా కనిపిస్తాయి. వెల్లుల్లిగడ్డ ఆకారపు తల ఒకదానికి, పల్లేరుకాయలాగా ముళ్లు లేచిన తల మరొకదానికి ఉన్నాయి. కవచం మీద కత్తి అంచు జారిపోతుంది, బరువైన తలగల గద మాత్రం కవచాన్ని చీల్చకుండానే లోపలి ఎముకను విరుస్తుంది. ఉత్తరపు ఆశ్వికదళాలతో తలపడిన సైన్యానికి ఆ అవసరం నిజమైనది. తరవాతి కాలంలో ఈ ఆయుధం క్రమంగా రాజలాంఛనంగానూ నాటకసామగ్రిగానూ మారింది. బంగారు పుచ్చకాయ అనే పేరుగల గదలు చక్రవర్తి ఊరేగింపుల్లో మోసుకెళ్లేవారు. యుయే ఫెయ్ సేనాని కొడుకు యుయే యున్ మొదలుకొని నలుగురు వీరులు తలా రెండు సుత్తులు పట్టి రంగస్థలం మీద తిరిగే ఎనిమిది సుత్తులు అనే పెకింగ్ ఒపేరా నాటకం నేటికీ ఆడుతున్నారు. ఈ గదలనుంచే పిడికిలి దెబ్బ నేరుగా పుట్టిందని చెప్పడానికి ఆధారం లేదు, చెప్పనక్కరలేదు కూడా. జనం ఊహలో సుత్తి మొరటు బలానికి గుర్తుగా స్థిరపడింది, పిడికిలికి ఆ పోలిక అక్కడినుంచి వచ్చింది.

ఆ పోలిక సాహిత్యంలో స్పష్టంగా దొరికేది మింగ్ కాలపు నవల షుయ్‌హూ జువాన్‌లో. జింగ్యాంగ్ కొండదారిలో తాగి నడుస్తున్న వూ సోంగ్‌కు పులి ఎదురైనప్పుడు చేతిలోని కర్ర చెట్టుకొమ్మకు తగిలి విరిగిపోతుంది; ఎడమచేత్తో పులి తలను నేలకు అదిమిపట్టి కుడిచేత్తో అతను బాదిన పిడికిలిని నవలాకారుడు ఇనుప సుత్తితోనే పోలుస్తాడు. అదే నవలలో లూ జిషెన్ ఒక కసాయిని మూడు గుద్దులతో చంపిన పిడికిలి వినిగర్ గిన్నె అంత ఉందట. మొదటి దృశ్యంలో కిందపడ్డదాని మీదికి పైనుంచి దిగే దెబ్బలు, రెండోదానిలో ముక్కు, కంటిగుంట, కణత మీద పడే గుద్దులు. రాసినవాడికి ముష్టివిద్య తెలుసో లేదో గానీ పోలికలు మాత్రం దెబ్బ తీరుకు తగ్గట్టుగానే అమరాయి. వూ సోంగ్ పిడికిలి ఎత్తింది కర్ర విరిగాకే అన్నది ఈ వ్యాసానికి మరింత ముఖ్యం.

హాన్ వంశ చరిత్రలోని గ్రంథాల పట్టిక షోబో, అంటే చేతిపోరు, అనే పేరుతో ఆరు అధ్యాయాల పుస్తకం ఉండేదని నమోదు చేసింది, ఆ పుస్తకం మిగలలేదు. ముష్టివిద్యను బొమ్మలతో, వివరణతో మనకు అందించిన పాతగ్రంథాల్లో మొదట చెప్పుకోవలసినది 16వ శతాబ్ది సేనాపతి చీ జిగ్వాంగ్ రాసిన జీష్యావ్ షిన్షూ. తూర్పుతీరాన్ని దోచుకుంటున్న సముద్రపు దొంగలను ఎదిరించడానికి జెజియాంగ్ ప్రాంతపు రైతులనూ గనికూలీలనూ సైనికులుగా తయారుచేసిన చీ (1528–1588), 1560 ప్రాంతంలో తన శిక్షణ పద్ధతిని ఈ పుస్తకంగా కూర్చాడు. అందులోని ఒక అధ్యాయం 32 ముష్టి భంగిమలకు కేటాయించినది. ఒక్కో భంగిమకు బొమ్మ, కింద చిన్న పద్యం ఉంటాయి. తనకాలంలో పేరున్న పద్ధతుల జాబితా ఇచ్చి, ఒకరు కాళ్లలో దిట్ట అయితే మరొకరు పట్లలో, ఇంకొకరు పడదోయడంలో దిట్ట అని, అన్నిటినుంచీ మంచిని ఏరుకోవాలని అతను సూచించాడు.

ఆ 32 భంగిమల్లో సమ్మెట పిడికిలి అని వేరే పేరుతో ఏదీ లేదు. తలకెదురు ఫిరంగి, దాగుడు భంగిమ వంటివే ఉన్నాయి. అయితే ఒకే కొరడా అనే భంగిమ కింది పద్యం చేతిని అడ్డంగానూ నిలువుగానూ నరుకుతున్నట్టు ఆడించమంటుంది. అక్కడ వాడిన క్రియలు కత్తితో, గొడ్డలితో నరకడానికి వాడేవే. చీకి ఇది సహజమైన మాట. పెద్ద సైన్యాల పోరులో వట్టిచేతుల విద్య నేరుగా అక్కరకు రాదని అతను మొదటే ఒప్పుకున్నాడు. చేతులకూ కాళ్లకూ చురుకుదనం అలవరచి, కర్రకూ ఈటెకూ కత్తికీ మనిషిని సిద్ధంచేసే ప్రవేశద్వారంగానే దాన్ని నేర్పించాడు. కాబట్టి అతని సైనికుడు గాలిలో చేతిని నరికినప్పుడు, మర్నాడు ఆ చేతిలో ఉండబోయేది ఏదో అతనికి తెలుసు. పిడికిలి అంచు తగిలిందా, ముంజేయి తగిలిందా, అరచేతి అంచు తగిలిందా అన్న విచారణ ఆ శిక్షణకు అనవసరం. ముసలితనంలో, 1584 ప్రాంతంలో, చీ తన గ్రంథాన్ని 14 అధ్యాయాలుగా తిరగరాసినప్పుడు ముష్టి అధ్యాయాన్ని పూర్తిగా తీసేశాడు. నాలుగు శతాబ్దాలుగా ముష్టిగురువులు ప్రమాణంగా చూపుతున్న పాఠం దాని రచయితకే వదులుకోదగినదిగా కనిపించిందన్న సంగతి ఆ గురువుల పుస్తకాల్లో అరుదుగా వినిపిస్తుంది.

షావోలిన్ మఠం విషయంలోనూ వట్టిచేతుల విద్య ఆలస్యంగానే ముందుకు వచ్చింది. 1553లో షావోలిన్ సన్యాసులు సముద్రపు దొంగలతో పోరాడింది కర్రలతో. ఆ మఠంలో చాలా ఏళ్లు నేర్చుకున్న చెంగ్ జోంగ్యో 17వ శతాబ్ది మొదట్లో అచ్చువేసినదీ కర్రసాము పుస్తకమే. అక్కడ ముష్టివిద్య ప్రధానమైనది మింగ్ వంశం పోయి చింగ్ వంశం వచ్చే సంధికాలంలోనని చరిత్రకారుడు మెయిర్ షహర్ వాదించాడు, ఆ వాదన బలమైనది. దక్షిణభారతంనుంచి వెళ్లిన బోధిధర్ముడు సన్యాసులకు పోరువిద్య నేర్పాడన్న కథ తెలుగువాళ్లకు సూర్య నటించిన సెవెన్త్ సెన్స్ సినిమాద్వారా 2011లో బాగా చేరింది గానీ, దానికి మూలమైన యీజిన్ జింగ్ అనే గ్రంథం 1624నాటిది, దానికి అంతకన్నా వెయ్యేళ్ల కిందటిదన్నట్టు పెట్టిన ముందుమాట కల్పితం. విచిత్రమేమిటంటే ఆ గ్రంథంలో సుత్తి ఉంది, కానీ ఎదుటివాణ్ణి కొట్టడానికి కాదు. ఒంటిని గట్టిపరచడానికి సాధకుడు తన కడుపునూ పక్కటెముకలనూ మొదట రుద్దించుకుని, తరవాత చెక్క రోకలితో, చెక్క సుత్తితో, రాళ్లు నింపిన సంచితో నెలల తరబడి మోదించుకోవాలని అది విధిస్తుంది. కొట్టే చేతికన్నా దెబ్బ తినే శరీరాన్ని ముందు తయారుచేయాలన్న ఆలోచన ఆ తరవాతి చైనా విద్యల్లో చాలావాటిలో పాతుకుపోయింది.

1828లో లిన్‌చింగ్ అనే మంచూ అధికారి షావోలిన్‌కు వచ్చి సన్యాసుల ప్రదర్శన చూసినట్టు రాసుకున్నాడు. 19వ శతాబ్దిలోనే అక్కడి శ్వేతాంబర మందిరం గోడలమీద జంటలుగా పోరాడుతున్న సన్యాసుల చిత్రాలు వేశారు. సహస్రబుద్ధ మందిరపు ఇటుక నేలలో గిన్నెల్లాంటి గుంటలు వరసగా కనిపిస్తాయి, తరతరాల సాధకులు కాలు మోది అడుగువేసిన గుర్తులుగా వాటిని చూపుతారు. కాలు మోదడానికీ సమ్మెట పిడికిలికీ ఉన్న సంబంధం అంతకన్నా విశదంగా తెలిసేది షావోలిన్ ఉన్న హెనాన్ రాష్ట్రంలోనే ఒక గ్రామంలో.

వెన్ జిల్లాలోని చెన్‌జియాగో గ్రామం తాయ్‌చీ చువాన్‌కు పుట్టిల్లు. మింగ్ వంశం కూలిపోతున్న రోజుల్లో సైనికుడిగా బతికిన చెన్ వాంగ్‌తింగ్ 17వ శతాబ్దిలో దీన్ని కూర్చాడని, చీ జిగ్వాంగ్ 32 భంగిమల్లో 29 ఇందులో కలిశాయని 1930లలో పరిశోధించిన తాంగ్ హావ్, అతని సహచరుడు గూ ల్యూషిన్ తేల్చారు. ఆ గ్రామపు వరసలో దాదాపు మొదటే వచ్చి, మళ్లీమళ్లీ తిరిగివచ్చే కదలిక పేరు జిన్‌గాంగ్ దావ్‌దుయ్, అంటే వజ్రపాణి రోలు దంచడం. జిన్‌గాంగ్ అంటే చేతిలో వజ్రాయుధం పట్టి బౌద్ధాలయ ద్వారాన్ని కాచే దేవత. సాధకుడు రెండు చేతులనూ గుండ్రంగా తిప్పి ఒంటిని ఒక పక్కకు మళ్లించి, ఎడమ అరచేతిని పొట్ట ముందు రోలులా వెల్లకిలా నిలుపుతాడు. కుడి పిడికిలీ కుడి మోకాలూ కలిసి లేస్తాయి, ఒక క్షణం ఆగినట్టు కనిపించి రెండూ కలిసే దిగుతాయి. పాదం నేలను తాకడమూ పిడికిలి అరచేతిలో పడడమూ ఒకే చప్పుడుగా వినిపించాలని గురువులు పట్టుబడతారు. రెండు చప్పుళ్లు వినిపిస్తే చేయి విడిగా, ఒళ్లు విడిగా పనిచేశాయని అర్థం.

ధాన్యం దంచే ఊళ్లో ఈ పేరు ఎవరికీ వివరించవలసిన పనిలేదు. పిడికిలి గుండె పైకి తిరిగి ఉండడంవల్ల తాకేది చేతి వెనుకభాగమైనా, దిగే దారి, బరువు వదిలే తీరు సమ్మెటవే. 1849లో పుట్టిన చెన్ షిన్ జీవితాంతం రాసి, అతను పోయాక 1933లో అచ్చయిన సచిత్ర గ్రంథంలో ఈ కదలికకు పెద్దపీట వేశాడు. అక్కడ దెబ్బ గురించి చెప్పినదానికన్నా ఊపిరి, నడుము, మనసు కుదురుకోవడం గురించి చెప్పినదే ఎక్కువ. ఈ గ్రామంలో నేర్చుకుని బీజింగ్‌లో పేరు తెచ్చుకున్న యాంగ్ లూచాన్ (1799–1872) వంశీకుల వరసలో రోలు దంచడం లేకుండాపోయింది, కాలి మోతలూ తగ్గిపోయాయి. యాంగ్ వరసలో మిగిలిన ఐదు పిడికిలి దెబ్బల్లో ప్యే షెన్ చుయ్ అనేది ఒళ్లు తిప్పి పిడికిలిని పైనుంచి విసిరే దెబ్బ. బాన్ లాన్ చుయ్ అనే మరోదానిలో మొదటి అడుగు పిడికిలి వీపుతో ఎదుటివాడి చేతిని అణచడం, చివరి అడుగు సూటి గుద్దు. 1956లో ప్రభుత్వ క్రీడాసంఘం ప్రజలకోసం కుదించిన 24 కదలికల తాయ్‌చీలో నిలిచింది ఈ బాన్ లాన్ చుయ్ ఒక్కటే. ప్రపంచమంతటా ఉద్యానాల్లో ఉదయాన్నే దాన్ని చేసేవాళ్లలో ఎక్కువమందికి మొదటి అడుగు ఒక దెబ్బ అన్న సంగతే తెలియదు.

ఆయుధంనుంచి చేతికి దిగిన వారసత్వాన్ని దాచకుండా చెప్పుకున్నది షింగ్‌యీ సంప్రదాయం. 17వ శతాబ్దిలో షాన్షీకి చెందిన జీ జికె ఈటెలో ఆరితేరినవాడని, యుద్ధంలో ఈటె ఉంటుంది సరే శాంతికాలంలో వట్టిచేతులతో ఉన్నప్పుడు ఏం చేయాలన్న ఆలోచనతో ఈటె సూత్రాలను చేతులకు మార్చాడని ఆ సంప్రదాయం చెబుతుంది. దాని ఐదు మూల దెబ్బలు చైనావారి పంచతత్త్వాలతో జోడించినవి. వాటిలో మొదటిదైన పీ చువాన్, అంటే చీల్చే దెబ్బ, లోహానికి చెందుతుంది. సున్ లూతాంగ్ 1915లో ప్రచురించిన పుస్తకంలో దాన్ని గొడ్డలితో పోల్చాడు. చాలా శాఖల్లో చివరికి చేయి తెరుచుకుని అరచేతితో తగులుతుంది, కాబట్టి కచ్చితంగా చూస్తే ఇది సమ్మెట పిడికిలి కాదు. కానీ పైనుంచి చీలుస్తూ దిగే ఆ దారిలో పిడికిలికీ అరచేతికీ మధ్య ఉన్న తేడా చిన్నది. హెబెయ్‌లోని త్సాంగ్‌జో ప్రాంతపు పీగ్వా పద్ధతి కూడా భుజాలను వదులుచేసి, చేతులను పొడవైన చక్రాలుగా తిప్పి అరచేతి అంచుతో నరుకుతుంది.

దక్షిణాన, గ్వాంగ్‌దాంగ్‌లో, ఈ చక్రాలు పిడికిలితోనే తిరిగాయి. షిన్‌హుయ్ జిల్లాలోని కింగ్ ముయ్ గ్రామస్తుడు చాన్ హ్యుంగ్ (1806–1875) తన ముగ్గురు గురువుల విద్యలను కలిపి 1836లో చోయ్ లీ ఫుట్ అనే పద్ధతిని స్థాపించాడు. మొదటి రెండు మాటలు ఇద్దరు గురువుల ఇంటిపేర్లు, మూడోది బుద్ధుడికి నమస్కారం. పెక్ చుయ్ అనే నరికే దెబ్బ, గ్వా చుయ్ అనే వేలాడే దెబ్బ, సౌ చుయ్ అనే ఊడ్చే దెబ్బ ఒకదాని వేగాన్ని ఇంకొకటి అందుకుంటూ ఆగకుండా తిరుగుతాయి. ఒక చేయి ఎదుటివాడి చేతిని తెరిస్తే రెండో చేయి ఆ సందులో పడుతుంది. చిన్నగా, దగ్గరగా, మధ్యరేఖ మీద సూటిగా గుద్దే వింగ్ చున్ పద్ధతివాళ్లకు ఇది వృథా శ్రమగా కనిపించింది, వాళ్ల విమర్శలో న్యాయమూ లేకపోలేదు. కానీ ఒకరికంటే ఎక్కువమందిని ఎదుర్కోవలసినవాడికి ఊపు ఆపకుండా తిరిగే చేతులు ఎంత పనికొస్తాయో చోయ్ లీ ఫుట్‌వాళ్లకు తెలుసు.

దక్షిణ పద్ధతుల్లో ముంజేతిని వంతెన అంటారు, ఎదుటివాడికీ తనకూ మధ్య మొదట కలిసేది అదే కాబట్టి. గుద్దు వేసిన చేతిమీదే సమ్మెటలా బాది ఆ వంతెనను విరగ్గొట్టడం అక్కడ ఒక ముఖ్యమైన యుక్తి. మనిషి తలకన్నా ముంజేయి దగ్గరగా దొరుకుతుంది. ఈ పనికి ముంజేయినీ పిడికిలి అంచునూ రాటుదేల్చడానికి ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, పైన, మధ్యన, కిందన మూడు చోట్ల ముంజేతులు తాకించుకునే సాధనను మూడు నక్షత్రాలు అంటారు. కమిలిన చోట సారాలో నెలల తరబడి నానబెట్టిన మూలికల తైలం రుద్దడం దానితోపాటే నేర్పే పని. హుంగ్ గార్ పద్ధతికి పేరు తెచ్చిన వాంగ్ ఫెయ్ హుంగ్ (1847–1925) ఫోషాన్ ప్రాంతంలో ముష్టిగురువుగా ఎంత ప్రసిద్ధుడో, దెబ్బలకు కట్టుకట్టే వైద్యుడిగానూ అంత ప్రసిద్ధుడు. ఆ తైలం లేని సాధన చేతిని పాడుచేస్తుందన్న గురువుల హెచ్చరికలో మూఢనమ్మకం ఎంత ఉన్నా, హెచ్చరిక మాత్రం సరైనదే. అరచేతి అంచును సుత్తిలా వాడే మెకానిక్‌లకూ వడ్రంగులకూ ఆ కండ కింద సాగే రక్తనాళం దెబ్బతిని వేళ్లు చల్లబడి తిమ్మిరెక్కే జబ్బును 1934లో ఫాన్ రోజెన్ వర్ణించాడు, 1970లో దానికి హైపోథెనార్ హ్యామర్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. కరాటే సాధకుల్లోనూ అది కనిపించింది.

1900నాటి బాక్సర్ల తిరుగుబాటు విఫలమయ్యాక చదువుకున్న చైనావాళ్లలో ముష్టివిద్య మీద చిన్నచూపు ఏర్పడింది. మంత్రాలు చదివితే తూటాలు తగలవని నమ్మినవాళ్ల విద్య అది అన్న అపకీర్తిని తుడిచేయడానికి ఆ విద్య వ్యాయామశాస్త్రంగా మారవలసి వచ్చింది. హువో యువాన్‌జియా పేరుతో 1910లో షాంఘైలో మొదలైన జింగ్వూ సంఘం వేర్వేరు పద్ధతులను ఒకే కప్పు కిందికి తెచ్చి తరగతులుగా నేర్పింది. 1928లో జాంగ్ జిజియాంగ్ నాన్‌జింగ్‌లో స్థాపించిన కేంద్ర గోషూ సంస్థ దేశవ్యాప్త పరీక్షలు పెట్టింది. వంద మంది పిల్లలు ఒకే మైదానంలో ఒకేసారి ఒకే కదలిక చేయాలంటే, గురువు ముందు నిలబడి కేక వేసే మాట అందరికీ ఒకేలా అర్థం కావాలి. అందుకోసం పిడికిలికి భాగాలు, దెబ్బకు దిశ, బలం చేరవలసిన చోటు నిర్ణయించడం మొదలైంది.

ఆ పని పూర్తిరూపం దాల్చింది 1950లలో, కొత్త ప్రభుత్వపు క్రీడాసంఘం ఉత్తరాది పద్ధతులనుంచి కూర్చిన ఛాంగ్ చువాన్ పాఠాల్లో. ప్రాథమిక పాఠాల మూడో వరసలో సమ్మెట దెబ్బ రెండు రూపాల్లో దగ్గరదగ్గరగానే వస్తుంది. మొదటిది కాళ్లు మెలిపెట్టి కిందికి కూర్చుంటూ చేతిని పెద్ద చక్రంగా తిప్పి పిడికిలి వీపుతో దంచడం, దీని పేరు జా చువాన్. రెండోది విల్లు ఆకారపు నిలకడలో చేయి చాచి పిడికిలి చక్రంతో నరకడం, దీని పేరు పీ చువాన్. షింగ్‌యీలో అరచేతితో ముగిసిన పీ ఇక్కడ పిడికిలి అంచుకు కట్టుబడింది. శతాబ్దాలుగా ఏ అంచు తగిలినా ఒకటే అనుకున్న కదలికను అధికారిక పాఠ్యగ్రంథం రెండుగా విడదీసి, ప్రతిదానికీ బలం చేరే చోటు ఇదీ అని రాసింది. పోరులో దీనివల్ల ఒనగూరిన ప్రయోజనం ఏమీ లేదు. మార్కులు వేసే న్యాయనిర్ణేతకు, పుస్తకం చూసి నేర్చుకునే విద్యార్థికి మాత్రం చాలా ఉంది.

బయటి ప్రపంచానికి ఈ దెబ్బను పరిచయం చేసింది మాత్రం చైనా పాఠాలు కావు. ఫుజియాన్ తీరపు ముష్టివిద్యలు ఓడల్లో ఒకినావాకు చేరాయి; హిగావొన్నా కన్‌ర్యో వంటివాళ్లు 19వ శతాబ్దిలో ఫుజో నగరానికి వెళ్లి నేర్చుకువచ్చారు. ఇతోసు అన్‌కో (1831–1915) 20వ శతాబ్ది మొదట్లో ఒకినావా బడిపిల్లలకోసం కూర్చిన పినాన్ అనే కరాటే వరసల్లో ఒకదానిలో, పట్టుబడిన మణికట్టును వెనక్కి లాక్కుని అదే ఊపులో పిడికిలిని గుండ్రంగా తిప్పి కిందికి బాదే కదలిక ఉంది. జపాన్ భాషలో దానికి తెత్సుయ్, అంటే ఇనుప సుత్తి, అన్న పేరు స్థిరపడింది. ఫునాకోషి గిచిన్ ఆ వరసను హెయాన్ షోదాన్‌గా పేరుమార్చి మొదటి పాఠంగా పెట్టడంతో కరాటే నేర్చుకునేవాళ్లలో చాలామంది తొలివారాల్లోనే దాన్ని చేస్తారు. హైదరాబాదు, విజయవాడ బళ్లలో కరాటే నేర్చిన పిల్లలు హ్యామర్ ఫిస్ట్ అని పలికే కదలిక ఇదే. ఆ ఇంగ్లీషు పేరే తరవాత కుంగ్‌ఫూ పుస్తకాల్లోకీ వచ్చి చేరింది.

చైనాలో 1979నుంచి ప్రయోగాత్మకంగా మొదలైన సాన్‌దా పోటీల్లో మాత్రం ఈ దెబ్బకు చోటు దాదాపు లేదు. బాక్సింగ్ తొడుగు వేసుకున్న చేతికి అంచు, ముఖం, వీపు అన్న తేడా మిగలదు, చిటికెనవేలిని ముడిచి కండను బిగించే వీలూ తక్కువ. ముఖ్యంగా చేతిఎముకను తొడుగు కాపాడుతుంది కాబట్టి, ఎముక విరుగుతుందన్న భయంతో సూటిగుద్దును మానవలసిన అవసరమే పోయింది. కిందపడ్డవాణ్ణి కొట్టడం ఆ పోటీల్లో నిషేధం. 1993లో అమెరికాలో మొదలైన మిశ్రమ పోరాట పోటీల్లో నేలమీద పోరు చెల్లుతుంది, తొడుగులు చిన్నవి, వేళ్లు బయటికే ఉంటాయి. అక్కడ ఎదుటివాడి ఛాతీమీద కూర్చున్న మల్లుడు ఒక చేత్తో అతని తలను నేలకు అదిమి, రెండో చేతి పిడికిలి అంచుతో పైనుంచి బాదడం నేటికీ తరచుగా కనిపించే దృశ్యం. వాళ్లలో చాలామంది కుస్తీనుంచో జియు జిత్సూనుంచో వచ్చినవాళ్లు, చైనా ముష్టివిద్య ఎన్నడూ నేర్చుకోనివాళ్లు.